ప్రతిచర్య అంటే ప్రతీకారం కాదు

నేను తెలుగు పండితుణ్ణి. భౌతికశాస్త్రం నా అధ్యయన విషయం కాదు. అయినప్పటికీ ఆ శాస్త్రంలోని ఒక మాట విషయమై నేను చేసిన అపరాధాన్ని ఇక్కడ ఒప్పుకొనదలచాను.

గద్వాల ప్రాంతంలో పనిచేస్తున్న రోజుల్లో సైన్సు మాస్టారు సెలవు పెట్టగా ఆ తరగతికి నేను వెళ్ళవలసివచ్చింది. చర్య, ప్రతిచర్య సమానమనీ, వ్యతిరేక దిశల్లో ఉంటాయనీ చెప్పే న్యూటను మూడవ సూత్రాన్ని కర్మఫలంతో పోల్చి గంభీరంగా వివరించాను. కృష్ణ ఒడ్డు పల్లె నుండి వచ్చే పిల్లవాడొకడు లేచి, "రెండూ సమానమైతే ఒకదానికొకటి సరిపోవాలె గద సార్, మరి పుట్టి ఎట్ల కదులుతది?" అన్నాడు. సమాధానం తెలియక, కూర్చోమని గద్దించాను.

పుట్టి అంటే నది దాటించే గుండ్రని వెదురు తెప్ప. దాని నడకలోనే జవాబున్నదని పదవీవిరమణ తరువాత ఒక సైన్సు మిత్రుని వలన తెలిసింది. తెడ్డు నీటిని వెనక్కు నెడుతుంది. అదే క్షణంలో నీరు తెడ్డును ముందుకు నెడుతుంది. ఒక బలం నీటిపై, రెండవది తెడ్డుపై. వేరువేరు వస్తువులపై పనిచేసేవి ఒకదానినొకటి రద్దు చేసుకొనలేవు. తెడ్డు పట్టిన మనిషి ద్వారా ఆ తోపు పుట్టికి అందుతుంది. పుట్టిలో నుండి ఒడ్డుకు దూకితే అది వెనక్కు జరగడం అందరూ చూచినదే. నేల మీద నుండి దూకినా నెట్టుడు అట్టిదే. కాని భూమి ద్రవ్యరాశి అపారం గనుక ఆ చలనం మనకు తెలియదు. నడకలోనూ పాదం నేలను వెనక్కు నెడితేనే నేల మనలను ముందుకు పంపుతుంది. వానకు తడిసిన నల్లరేగడిలో పాదానికి పట్టు దొరకదు గనుక జారిపడతాము.

చిక్కంతా "ప్రతి" అనే ఉపసర్గలో ఉన్నది. ప్రతీకారం, ప్రత్యుత్తరం, ప్రత్యుపకారం అన్నీ ఒకటి జరిగిన తరువాత వచ్చేవి. ఈ బలాలలో ముందు వెనుకలు లేవు; దేనిని చర్య అన్నా దోషం లేదు. 1687లో వెలువడిన తన గ్రంథంలో న్యూటను కూడా ఈ సూత్రాన్ని పరస్పర క్రియలుగానే వివరించాడు. "పరస్పర బలాలు" అంటే మన పిల్లలకు సుబోధకమని నా అభిప్రాయం. "బలయుగ్మం" అనవచ్చునేమో అనుకొన్నాను గాని, ఆ మాటకు శాస్త్రంలో వేరే అర్థం స్థిరపడి ఉన్నది.

పాఠ్యపుస్తకంలోని మాట మారకపోయినా, అవి రెండు వేర్వేరు వస్తువులపై ఒకేసారి పనిచేస్తాయన్న ఒక్క వాక్యాన్ని ఉపాధ్యాయమిత్రులు చేర్చి చెప్పవలెనని ప్రార్థన. ఆ పిల్లవాడికి నేను ఆనాడు ఇవ్వవలసిన జవాబు అదే.