బయటి మైకు వైరు పీకండి

ముందే చెప్పేస్తున్నా, ఆల్‌నైట్ ప్రేయర్లకి నేను వ్యతిరేకిని కాదు. అమెరికా వాళ్ళ రిలీజ్ కోసం నేను తెల్లవార్లూ మేలుకుంటే "పాపం, కష్టపడుతున్నాడు" అనేవాళ్ళు, మా అమ్మమ్మ చర్చిలో మేలుకుంటే "మూఢనమ్మకం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కోటప్పకొండలో శివరాత్రి జాగారం భక్తి అయితే ఇది మాత్రం పిచ్చి ఎలా అవుతుందండీ? యేసు కొండెక్కి రాత్రంతా ప్రార్థించాడని లూకా సువార్తలో ఉంది. 1862 డిసెంబరు 31 రాత్రి అమెరికాలో నల్లజాతివాళ్ళు చర్చిల్లో మేలుకుని కూర్చుంది, తెల్లారితే లింకన్ విమోచన ప్రకటన వస్తుందన్న ఆశతో. పగలంతా పరాయి పొలంలో గడిచిపోయేవాళ్ళకి రాత్రొక్కటే సొంతం. మా క్రోసూరు వైపు మిరపకోతలకెళ్ళే కూలీలకీ అంతే.

నా గొడవల్లా చర్చి పైనున్న ఆ మైకు బాకాలతోనే.

ఆమధ్య మా తాతయ్య గుండె ఆపరేషనై ఇంటికొచ్చాడు. నిద్ర ముఖ్యం అన్నారు డాక్టరుగారు. ఆ శుక్రవారం రాత్రి చర్చిలో అమ్మమ్మ ఆయన ఆరోగ్యం కోసమే ప్రార్థించింది. ఆ ప్రార్థనే మైకులోంచి వచ్చి రాత్రి రెండు దాకా ఆయన్ని కన్ను మూయనివ్వలేదు! సౌండ్ తగ్గించమని వెళ్తే "దేవుని పనికి అడ్డం రాకు బాబూ" అన్నారు.

ఏది దేవుని పని? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి మైకు పెట్టకూడదు. పండగలకి సడలింపిచ్చినా అది అర్ధరాత్రి వరకే. అదే ఏడాది మద్రాసులోని ఒక చర్చి కేసులో, పక్కవాళ్ళ ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు తేల్చేసింది.

"మరి జాతర మైకులో?" అంటారు. అవీ ఆపాల్సిందే. పక్కవాడి తప్పు మనకి లైసెన్సు కాదు.

త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే కుర్రాడు నిద్రకి తూలి మూడో అంతస్తు కిటికీలోంచి పడిపోయాడు. పౌలు అతణ్ణి తిట్టలేదు, తన మాటలాపి కిందికి దిగి వెళ్ళాడు. మా పాస్టర్లు కూడా ఆ మాత్రం దిగొస్తే చాలు. ప్రార్థన లోపల తెల్లవార్లూ చేసుకోండి. ఊరిని మాత్రం పడుకోనివ్వండి.

ఏమంటారు?