సంఘారామం శంకరమైన కథ

మాడుగుల అనగానే మిత్రులకు హల్వా గుర్తుకు వస్తుంది. అందులో తప్పులేదు. కానీ మా ఊరినుండి చోడవరం మీదుగా అనకాపల్లి దాకా వెళ్ళి, ఆ చెంతనే ఉన్న శంకరం గ్రామాన్ని చూడకుండా మరలిరావడం మాత్రం తప్పే అంటాను.

శంకరమన్న మాట వినబడగానే మా పండితవర్గం శుభమును చేయువాడు శంకరుడని విగ్రహవాక్యం చెప్పి పుస్తకం మూసేస్తుంది. ఇది శివనామం కాదు. బౌద్ధభిక్షువుల నివాసమైన సంఘారామం జనుల నాలుకపై అరిగి అరిగి శంకరమైంది. అక్కడి జంటకొండలలో తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. క్రీ.శ. 4 నుండి 9వ శతాబ్దం వరకు అక్కడ బౌద్ధం వర్ధిల్లింది. 1907-08లో అలెగ్జాండర్ రే త్రవ్వకాలు జరిపించగా సముద్రగుప్తుని బంగారు నాణెం కూడా బయటపడింది. బొజ్జన్నకొండమీద రాతిని తొలిచిన గుహలు, గుహలో స్తంభాల నడుమ స్తూపం, గోడలపై బుద్ధమూర్తులు. పైన కొండనే చెక్కి, చుట్టూ ఇటుక పేర్చిన మహాస్తూపం. లింగాలకొండనిండా వరుసలు వరుసలుగా ఏకశిలా స్తూపాలు.

నన్ను ఆలోచింపజేసేది ఆ రెండు పేర్లే. పడమటి కొండమీది స్తూపాలను జనం లింగాలనుకొన్నారు. తూర్పు కొండమీద మాత్రం రాక్షసుడున్నాడనుకొని కనుమనాడు రాళ్ళు రువ్వేవారు. ఇంటాక్ వంటి సంస్థలు పూనుకొన్నాక గాని ఆ ఆచారం ఆగలేదు. ఒకే అజ్ఞానం ఒకచోట చేయెత్తి మ్రొక్కింది, మరొకచోట చేయెత్తి కొట్టింది! అందుకని పల్లెజనాన్ని నిందించడం నాకు సమ్మతం కాదు. సంఘారామమన్న మాటను, వంకరగానైనా, వెయ్యేళ్ళకు పైగా మోసుకొచ్చినది వారే. చదువుకొన్న మనం పిల్లలకు అమరావతి, నాగార్జునకొండ వల్లె వేయించామే గాని, పెరటిలోని ఈ కొండను ఎంతమందికి చూపించాం?

ఊరి పేరు మార్చమని నేననను. అది మరో అపచారం. 2022లో అనకాపల్లి జిల్లా అయింది గదా, కొత్త జిల్లా పెద్దలు శంకరం పేరుపలక క్రింద చిన్న అక్షరాలతో సంఘారామమని వ్రాయించి, చుట్టుప్రక్కల బడిపిల్లలను ఏడాదికొక్కసారి ఆ మెట్లెక్కిస్తే చాలు. సెలవులకు ఇటు వచ్చే మిత్రులు హల్వాతోబాటు ఆ కొండకూ ఒక పూట కేటాయించండి.