పిడికిలి విప్పిన పదేళ్ళు



కిందటి నెలలో కుసుమంచి వైపు పరిచర్యకు వెళ్ళినప్పుడు ఒక ఇంట భోజనానికి కూర్చున్నాము. పాలేరు నీటి కింద వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆదివారం ఆరాధన మానని ఇల్లు. అన్నం వడ్డిస్తూ ఆ తల్లి, "అయ్యగారూ, మా చిన్నోడు ఖమ్మం పోయి బాక్సింగు నేర్చుకుంటాడంట. మీరన్నా వద్దని చెప్పండి" అన్నది. తండ్రి అందుకొని, "ముందే వాడికి ముక్కు మీద కోపం. కొట్టే విద్య కూడా నేర్పితే ఇంకేమన్నా ఉందా? ప్రార్థన చేసుకునేటోళ్ళం, మనిషిని కొట్టే ఆట మనకెందుకండీ" అన్నాడు. పిల్లవాడు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. పదిహేడేళ్ళకే ద్వారబంధానికి తల తగిలే ఎత్తు. "నిజామాబాదు నిఖత్ జరీన్ ప్రపంచ విజేత కాలేదా" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. చెప్పలేకపోయానన్నది నిజం. ఇంటికి వచ్చిన తరువాత జార్జి ఫోర్‌మన్ జీవితం మనసులో మెదిలింది. ఆయన హెవీవెయిట్ ప్రపంచ విజేత. సువార్త బోధకుడు కూడా.

జార్జి 1949 జనవరి 10న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, మార్షల్ అనే పట్టణంలో పుట్టాడు. నల్లజాతి కుటుంబం, ఏడుగురు పిల్లలు, చాలీచాలని తిండి. హ్యూస్టన్ నగరంలోని పేదల పేటలో పెరిగాడు. చదువు మధ్యలో మానేశాడు. ఒంట్లో ఉన్న బలంతో దారిన పోయేవారిని కొట్టి డబ్బు లాక్కునేవాడు. ఈ సంగతి ఎవరో బయటపెట్టినది కాదు, తన సాక్ష్యంలో ఆయనే చెప్పుకున్నాడు.

1965లో జాబ్ కోర్ అనే ప్రభుత్వ పథకంలో చేరాడు. తిండి, బస ఇచ్చి బీద యువకులకు చేతిపని నేర్పే పథకం అది, మన ఐ.టి.ఐ. వంటిదనుకోండి. వడ్రంగం, తాపీపని నేర్చుకున్నాడు గాని అక్కడా తగవులే. డాక్ బ్రాడస్ అనే శిక్షకుడు, వీధి కొట్లాట మాని బరిలోకి రమ్మని చేతులకు గ్లౌజులు తొడిగించాడు. 1967 జనవరిలో మొదటి అమెచ్యూర్ పోటీ. రెండేళ్ళయినా నిండకముందే, 1968 అక్టోబరులో మెక్సికో ఒలింపిక్స్‌లో బంగారు పతకం! అప్పటి అమెచ్యూర్ లెక్కలో హెవీవెయిట్ అంటే 81 కిలోలు దాటినవారు. పోటీకి మూడేసి నిమిషాల రౌండ్లు మూడు. ఫైనలులో సోవియట్ యూనియన్‌కు చెందిన చెపులిస్‌ను రెండో రౌండులోనే ముగించి, చిన్న జెండా ఊపుకుంటూ బరి చుట్టూ వంగి నమస్కరించాడు.

అప్పట్లో అమెచ్యూరుకు పతకమే కూలి. ప్రొఫెషనల్ ఆటలో డబ్బు వస్తుంది, దానితోపాటు రౌండ్లూ దెబ్బలూ పెరుగుతాయి. జార్జి 1969 జూన్‌లో ఆ దారి పట్టాడు. 1973 జనవరి 22న జమైకాలోని కింగ్‌స్టన్‌లో, అప్పటి ప్రపంచ విజేత జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు నేలకూల్చి కిరీటం తీసుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన ముఖాన నవ్వు కనబడేది కాదు. కోపమే తన ఆయుధమని నమ్మాడు.

ఆ ఆయుధం 1974 అక్టోబరు 30న ఆఫ్రికాలో విరిగింది. జైరే దేశపు కిన్షాసాలో మహమ్మద్ అలీతో పోటీ. అప్పటికి నలభై పోటీల్లో ఓటమి ఎరుగనివాడు జార్జి. అలీ తాళ్ళకు ఆనుకొని, ముఖం దాచుకొని, కొట్టినంతసేపు కొట్టనిచ్చాడు. జార్జి అలసిపోయాడు. ఎనిమిదో రౌండులో అలీ కొట్టిన దెబ్బలకు కూలిపోయాడు. ఆ అవమానాన్ని ఏళ్ళ తరబడి మింగలేకపోయానని తరువాత ఒప్పుకున్నాడు.

1977 మార్చి 17న పోర్టోరికోలో జిమ్మీ యంగ్ చేతిలో మళ్ళీ ఓడి గదిలోకి వచ్చాడు. అక్కడ తాను చచ్చిపోతున్నట్టు, చీకటిలో దిక్కులేక పడిపోతున్నట్టు అనిపించిందట. తన చేతులపైన, నుదుటిపైన రక్తం చూశాననీ, యేసు నామము బిగ్గరగా పలికాననీ ఆయన సాక్ష్యం. అది ఎండదెబ్బ అన్నవారూ ఉన్నారు. వారితో నాకు వాదం లేదు. గదిలో ఏమి జరిగిందో మనము చూడలేదు గాని, తరువాతి పదేళ్ళు లోకమంతా చూసింది. లక్షల డాలర్ల ఆట వదిలిపెట్టాడు. హ్యూస్టన్ వీధి మూలల్లో నిలబడి బోధించాడు. చెరసాలలకు, ఆసుపత్రులకు వెళ్ళాడు. 1980లో ఒక చిన్న సంఘం కట్టాడు. 1984లో తనలాంటి కుర్రవాళ్ళ కోసం యువజన కేంద్రం తెరిచాడు. పదేళ్ళపాటు పిడికిలి బిగించలేదని చెప్పేవాడు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. కేంద్రం నడపడానికి డబ్బు అయిపోయింది. విశ్వాసుల ముందు చెయ్యి చాపటం ఆయనకు సిగ్గనిపించింది. చందా పుస్తకం పట్టుకొని ఇంటింటికీ తిరిగిన సంఘపెద్దలకు ఆ సిగ్గు తెలుసు! తనకు వచ్చిన పని ఇది ఒక్కటేనని, 1987 మార్చిలో ముప్పై ఎనిమిదో ఏట, దాదాపు 121 కిలోల బరువుతో మళ్ళీ బరిలోకి దిగాడు. చూసి నవ్వినవారే ఎక్కువ. ఆయనా వారితో కలిసి నవ్వాడు.

సేవకుడు మళ్ళీ మనుషులను కొట్టే పనికి పోవచ్చునా? కుసుమంచి తండ్రి అడిగినదీ అదే. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో ముష్టియుద్ధాన్ని పోలికగా తీసుకున్న మాట వాస్తవమే. అది ఆటను మెచ్చుకోవటానికి కాదు, శరీరాన్ని లోపరచుకోవటం గురించి చెప్పటానికి. అంతమాత్రాన ఆట నిరపాయమని నేననను. అలీకి 1984లో పార్కిన్సన్ వ్యాధి అని వైద్యులు తేల్చారు. ఆ వణికే చేతులను మనమందరం చూశాము. తలకు తగిలిన దెబ్బ ఎవరిదైనా దెబ్బే. డబ్బు కోసం ఏళ్ళ తరబడి దెబ్బలు తినే ఆటకు కన్నబిడ్డను పంపమని నా నోట రాదు. అమెచ్యూర్ శిక్షణ మాత్రం వేరుగా చూడాలి. మంచి శిక్షకుడి కింద వేళకు లేవటం, వేళకు తినటం, గంట కొట్టగానే చెయ్యి దించటం నేర్చుకుంటాడు. వీధిలో కొట్లాడే పిల్లవాడికి చెయ్యి దించమని చెప్పే గంట లేదు గదా.

జార్జి సంగతి ముగిస్తాను. 1991లో ఎవాండర్ హోలీఫీల్డ్‌తో పన్నెండు రౌండ్లు నిలబడి ఓడాడు. 1994 నవంబరు 5న లాస్ వేగాస్‌లో మైఖేల్ మూరర్‌తో పోటీ. ఇతనికి నలభై ఐదు, అతనికి ఇరవై ఆరు. కిన్షాసాలో వేసుకున్న ఎర్ర నిక్కరే వేసుకున్నాడు. ఆనాడు అలీ పక్షాన నిలబడిన శిక్షకుడు ఏంజెలో డండీ ఈసారి ఇతని పక్షాన ఉన్నాడు. తొమ్మిది రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ జార్జి వెనుకబడే ఉన్నాడు. పదో రౌండులో కుడిచేత్తో గడ్డం మీద ఒక దెబ్బ కొడితే మూరర్ పడి లేవలేదు. లోకమంతా కేకలు వేస్తుంటే ఆ భారీ మనిషి మూలకు పోయి మోకాళ్ళూని ప్రార్థించాడు. ఆ వయసులో హెవీవెయిట్ కిరీటం గెలిచినవాడు అంతకుముందు లేడు.

ఆ తరువాత గెలుపులూ ఉన్నాయి, గెలిచాడో లేదోనని జనం వాదించుకున్న పోటీ కూడా ఉంది. 1997 నవంబరులో ఆఖరి పోటీ ఓడి ఆట చాలించాడు. మొత్తం 81 పోటీలు, 76 విజయాలు. అయితే నాకు వీటన్నిటికన్నా గుర్తుండేది అదే ఏడాది మార్చిలో జరిగిన సంగతి. కిన్షాసా పోటీపై తీసిన చిత్రానికి ఆస్కార్ వచ్చినప్పుడు, నడవటానికి కష్టపడుతున్న అలీ చెయ్యి పట్టుకొని వేదిక మెట్లు ఎక్కించినవాడు జార్జి. తనను కూలగొట్టిన మనిషినే!

2025 మార్చి 21న తన డెబ్బై ఆరవ ఏట ఆయన ప్రభువునందు నిద్రించాడు. కుటుంబం వెలువరించిన ప్రకటనలో మొదట బోధకుడని, తరువాత భర్త, తండ్రి అని వ్రాశారు. ఒలింపిక్ పతకం, ప్రపంచ కిరీటం ఆ తరువాతనే.

ఈ సంగతులన్నీ కుసుమంచి ఇంటికి ఉత్తరం వ్రాశాను. పంపాలో వద్దో ఇంకా తేల్చుకోలేదని తండ్రి ఫోనులో చెప్పాడు. పిల్లవాడు మాత్రం నన్ను ఒక ప్రశ్న అడగమన్నాడట, ఆ పదేళ్ళూ ఆయనకు కోపమే రాలేదా అని. వచ్చే ఆదివారం అటు వెళ్తున్నాను, వాడితోనే కూర్చొని మాట్లాడతాను.