ఆట తేల్చుకునే ముందు నీళ్లు చూడాలి

జూలైలో గాలి జోరందుకోగానే హుస్సేన్‌సాగర్ మీద తెరచాపలు లేస్తాయి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, కుతుబ్‌షాహీల కాలం నాటి ఈ చెరువు మీద హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు మూడు దశాబ్దాలకు పైగా జరుగుతున్నాయి. దేశం నలుమూలల నుంచి సెయిలర్లు వచ్చి పడవలెక్కేది ఇక్కడి వానాకాలపు గాలి కోసమే. అదే ఊళ్లో ఉంటూ జలక్రీడ ఏదైనా నేర్చుకుందామనుకున్న ఉద్యోగి మాత్రం ముందుగా గోవా విమానం టికెట్ ఎంతుందో చూస్తాడు.

పొరపాటు అక్కడే మొదలవుతోంది. మరపడవ లాగుతుంటే పారాచూట్‌కు వేలాడి పది నిమిషాలు తిరిగి రావడం సరదాయే, కాదనక్కర్లేదు. కానీ అందులో ఒంటబట్టే విద్యేమీ లేదు. ఆట అన్నాక వారం వారం చేయగలగాలి, నిరుటి కంటే ఈ ఏడు మెరుగుపడాలి. ఏడాదికోసారి సెలవు పెట్టి వెళ్లే చోట అది కుదరదు. ఇంటికి గంట ప్రయాణంలో ఏ నీళ్లున్నాయి, ఏ నెలల్లో అవి ఎలా ఉంటాయి అన్నది ముందు చూసుకుంటే, ఆట పేరు దానంతటదే తేలుతుంది.

హైదరాబాద్ వాళ్లకు సెయిలింగ్ అలా తేలే ఆట. పిల్లలు ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవతో మొదలుపెడతారు. పొడవు 2.3 మీటర్లు, ఒకటే తెరచాప, ఒక్కరే ప్రయాణం. గాలి ఎటు మళ్లింది, చుక్కాని ఎంత తిప్పాలి, తాడు ఎప్పుడు వదలాలి అన్నవి ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు కూడా సొంతంగా నిర్ణయించుకోవాల్సిందే. ఇది డబ్బున్నవాళ్ల వ్యవహారమన్న మాటా పూర్తి నిజం కాదు. హైదరాబాద్ యాట్ క్లబ్ పేద కుటుంబాల పిల్లలకు ఏళ్లుగా ఈ విద్య నేర్పుతోంది. అక్కడ తయారైన కొంగర ప్రీతి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇద్దరు నడిపే 470 తరగతి పడవలో భారత్ తరఫున పోటీపడ్డారు. అయితే సాగర్‌లోకి మురుగు చేరుతున్నంత కాలం, పడవ బోల్తాపడ్డ ప్రతిసారీ ఆ నీళ్లు నోట్లోకి పోతాయేమోనన్న తల్లిదండ్రుల భయాన్ని తప్పుపట్టలేం.

ఏ ఆటకైనా ముందు మెట్టు ఈత. లైఫ్ జాకెట్ ఉంది కదా అని దాన్ని దాటేయకూడదు. స్కూబా సంగతే చూడండి. పర్యాటకులను శిక్షకుడు చేయి పట్టుకుని నీటి అడుగుకు తీసుకెళ్లి చూపించే డైవ్‌కు ఈత రానక్కర్లేదు. 18 మీటర్ల లోతు వరకు వెళ్లేందుకు ‘పాడీ’ సంస్థ ఇచ్చే ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ కావాలంటే మాత్రం 200 మీటర్లు ఆగకుండా ఈది, పది నిమిషాలు నీటిపై తేలి చూపించాలి. చూసి రావడానికీ నేర్చుకోవడానికీ ఉన్న తేడా అదే.

ఒకప్పుడు ఊరి బావిలో నడుముకు మునగ బెండ్లో ఎండు సొరకాయలో కట్టి పిల్లలకు ఈత నేర్పేవారు. బావులు పూడాయి, ఆ నేర్పూ పోయింది. ఇక వయసు మించిపోయిందనుకునేవాళ్లకు గోలి శ్యామల ఉదాహరణ చాలు. నలభై దాటాక ఈత నేర్చుకున్న ఈ హైదరాబాద్ మహిళ 2021లో దాదాపు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదారు. 2025 జనవరి తొలి రోజులకల్లా విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు రోజుకు కొంత చొప్పున పూర్తిచేశారు.

విశాఖ వాళ్లకు కెరటాలున్నాయి, ఋషికొండలో సర్ఫింగ్ ఉంది. తొలినాళ్లలో మెత్తటి ఫోమ్ బోర్డు మీద, విరిగి నురుగై ఒడ్డుకొచ్చే అలల్లోనే సాధన చేయాలి. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే దానికి ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడటం తెలియాలి. అలలు ఎగసిపడే రోజుల గురించి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ‘ఇన్‌కాయిస్’ ముందే హెచ్చరికలు ఇస్తుంది. మత్స్యకారులు వాటిని చూసుకునే వేటకు వెళ్తారు. బోర్డు పట్టుకున్నవాళ్లకూ ఆ అలవాటు ఉండాలి.

గోదావరి జిల్లాల వాళ్లకు కాలువలున్నాయి. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవల పందేలు పెడితే గట్ల మీద జనం కిక్కిరిశారు. కేరళలో 1952లో నెహ్రూ రాకతో మొదలైన పడవ పందెం నేటికీ ఊళ్ల మధ్య పంతంగా నిలిచిందంటే, పోటీ రోజుకు ముందు వారాల తరబడి జట్లు తెడ్లు పట్టి సాధన చేయడమే కారణం. మన దగ్గర పండగ మూడు రోజులూ అయ్యాక ఆ పడవలను ఎవరికి అప్పగించాలన్నది తేల్చాలి. కాలువ గట్టున ఉన్న కళాశాలలకు ఇస్తే ఏడాదిలోపే జట్లు తయారవుతాయి.

ప్రభుత్వాలు జలక్రీడలంటే పర్యాటక శాఖ పనిగానే చూస్తున్నాయి. స్పీడ్ బోట్లు, జెట్ స్కీలు వస్తున్నాయి గానీ మున్సిపల్ ఈత కొలనులు చాలాచోట్ల వేసవి శిబిరాలతోనే సరిపెడుతున్నాయి. వాటిని ఏడాది పొడవునా తెరిచి ఉంచాలి. మహిళలకు విడిగా వేళలు, మహిళా శిక్షకులు ఉండాలి. అక్కడ 200 మీటర్లు ఈదగలిగిన ప్రతి పిల్లనూ పిల్లవాడినీ దగ్గరలోని సెయిలింగ్, రోయింగ్, కయాకింగ్ కేంద్రానికి పంపే బాధ్యతను జిల్లా క్రీడాధికారికి అప్పగించాలి.