కుర్సీ ఎవరిచ్చారు?

2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా వల్ల ఆంధ్రలో స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. జగన్ సర్కారుకు గుస్సా వచ్చింది. ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ తెచ్చి, కమిషనర్ ముద్దత్ ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కోసి, ఆయన కుర్సీ లాగేసింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది.

జుల్మ్ అని తెలుగుదేశం వాళ్లు గగ్గోలు పెట్టారు. జుల్మే, ఒప్పుకుంటాను. మరి 2018 ఆగస్టులో పంచాయతీల ముద్దత్ ముగిసినప్పుడు హుకూమత్ ఎవరిది? వాళ్లదే కదా! 2021 దాకా ఊళ్లకు స్పెషల్ ఆఫీసర్లే దిక్కు. కబ్రస్తాన్ దారిలో లైటు కావాలంటే ఏ సర్పంచ్ దర్వాజా కొట్టాలి భాయ్?

కమిషనర్‌ను తీసేయడం హైకోర్టు జడ్జిని తీసేసినంత కష్టం. రాజ్యాంగం 243కె ఆ హిఫాజత్ ఇచ్చింది. కానీ కూర్చోబెట్టేటప్పుడు గవర్నర్ దస్తఖత్, సర్కారు పసంద్. ఆ పసంద్‌లో ప్రతిపక్షానికీ, ఒక జడ్జికీ హిస్సా ఇవ్వండి. నేనడిగేది అంతే.