ఆరోగ్య విషయములు: తలతిరుగుడు గలవారి వ్యాయామము

“నడచిన తల తిరుగును, నడవకున్న శరీరము పెరుగును, ఏమి చేయుదును?” అని యడుగు సోదరీమణులు పెక్కండ్రు గలరు. ఇంటి పెద్దలు ప్రేమచే “మంచము దిగవలదమ్మా” యందురు. ఆ ప్రేమయే యిచ్చట కీడు చేయును.

మన నిలుకడను కన్నులు, కీళ్ళ స్పర్శ, లోపలిచెవి కలసి కాపాడుచుండును. చెవి చెడినచో మెదడు తక్కిన రెంటి సాయమున సరిదిద్దుకొన నేర్చును. కదలక పరుండినచో ఆ చదువు సాగదు. 1940వ దశకమున ఇంగ్లండునందు కాథోర్న్, కుక్సీ యను వైద్యు లీ సూత్రముపైననే కన్నులను, తలను, మొండెమును క్రమముగా కదల్చు సాధన నేర్పరచిరి.

మొదట వైద్యునిచే రక్తపుపోటు, రక్తహీనత, చెవులు, వాడుచున్న మందులు పరీక్షింపించుకొనవలయును. పిమ్మట కుర్చీలో కూర్చుండి, ఒక గుర్తుపై చూపు నిలిపి, తలను మెల్లగా ప్రక్కలకు త్రిప్పవలయును. కొన్నినాళ్ళకు గోడవెంట పది నిమిషములు నడువవచ్చును. కొలదిగా తల తిరిగి, కొంతసేపటికి తగ్గునేని భయపడవలదు. మెదడు నేర్చుట కది యవసరమే. చీర కుచ్చెళ్ళు పాదములకు తగులకుండ కట్టుకొనుడు. డాబామీదను, నూతికడను సాధన వలదు.

బరువు తగ్గుటకై ఉపవాసము లుండుట మాత్రము తగదు. కడుపు మాడిన తల మరింత తిరుగును. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారికి ప్రాణాపాయము సయితము కలుగవచ్చును. అన్నము ఒక గరిటె తగ్గించి, కూర పెంచుకొనుడు. సాయంకాలపు జంతికలు మానిన నష్టము లేదు.

ఒక్కసారిగా మాట తడబడినను, కాలుచేతులు స్వాధీనము తప్పినను, సాధన మాట విడిచి తత్క్షణమే ఆసుపత్రికి పోవలయును.