నాడికి అందని గుండె కంతి

దర్శన, స్పర్శన, ప్రశ్నలతో రోగిని పరీక్షించాలని గురుకులంలో నేర్చుకొన్నవాడను. అయినా ఒక మాట దాచను: గుండెలోని కంతి క్యాన్సరో కాదో నాడి చెప్పజాలదు.

ఎకో పరీక్షలో ఎడమ కర్ణికలో, నడిమి గోడకు సన్నని కాడతో వ్రేలాడుతూ కనిపించేది చాలావరకు మిక్సోమా. అది క్యాన్సర్ కాదు. వెడల్పైన మొదలుతో కండరంలోనికి చొచ్చుకొనిపోయి, గుండె చుట్టూ నీరు కూడా చేరితే క్యాన్సర్‌ను అనుమానించాలి. అది కంతియా, గడ్డకట్టిన రక్తమా అన్నది తేల్చుటకు ఎం.ఆర్.ఐ. తోడ్పడుతుంది. తుది తీర్పు మాత్రం కణజాల పరీక్షదే.

క్యాన్సర్ కాదు కదా అని తాత్సారం కూడదు. మిక్సోమా తునక మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. అర్జున కషాయం దానిని కరిగించదు, శస్త్రచికిత్సయే మార్గం. కారణం తెలియని ఆయాసం, మూర్ఛ కనిపిస్తే కషాయానికి ముందే ఎకో చేయించండి. యంత్రం చూపేదీ దర్శనమే. అందువలన వైద్యునికి చిన్నతనం లేదు.